వద్దనుకున్న బోరు నీళ్లే మందు

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మేడ్చల్ దగ్గర సొంత ఇల్లు. రెండేళ్ల కిందట మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు పెరట్లో పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతున తొట్టి కట్టించి, లోపల నల్ల కోటింగ్ వేయించి, పద్నాలుగు కోయి చేపల్ని వదిలాడు. మొదట్లో బోరు నీళ్లే పోసేవాళ్లం. ఈ మధ్య ఒకాయన వచ్చి టీడీఎస్ మీటరు ముంచి చూసి, 900 ఉంది, ఈ ఉప్పునీళ్లలో చేపల రంగు పోతుందన్నారు. అప్పటి నుంచి ఆర్వో నీళ్లు పోస్తున్నాం. వానలు మొదలయ్యాక డాబా పైపు కూడా తొట్టిలోకే తిప్పించాను. నెల తిరిగేసరికి పీహెచ్ 8 నుంచి 6.3కి పడిపోయింది. అమ్మోనియా 2 చూపిస్తోంది. పీహెచ్ పెంచే మందు మూడుసార్లు వేశాను. వేసిన సాయంత్రం 7.8 దాకా వస్తుంది, రెండ్రోజుల్లో మళ్లీ మొదటికే. మూడు చేపలు పోయాయి, మూడూ మందు వేసిన మర్నాడే. మిగతావి రెక్కలు ముడుచుకుని అడుగున పడుకుంటున్నాయి. మా తోటమాలి ప్రతి ఆదివారం ఫిల్టర్‌ని మంచినీళ్ల కుళాయి కింద తెల్లగా కడుగుతాడు. శబ్దానికి నిద్ర పట్టక రాత్రి మోటారు ఆపేస్తాం. కైకలూరులో చేపల చెరువులున్న మా తమ్ముడు సున్నం చల్లమంటున్నాడు. చల్లమంటారా? అబ్బాయి ఫోన్ చేసినప్పుడల్లా ముందు చేపల గురించే అడుగుతాడు. ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: టీచరు గారూ, సున్నం సంచీ ఇంకా కొనకపోతే కొనకండి. కొనేసి ఉంటే మామిడి చెట్టు మొదట్లో పనికొస్తుంది. పీహెచ్ మందు సీసా కూడా అటకెక్కించండి. ఎందుకో చెప్పేముందు ఈ రోజే చేయాల్సినవి నాలుగున్నాయి. డాబా పైపుని తొట్టిలోంచి బయటికి తిప్పించండి. మేత పూర్తిగా ఆపండి. కోయి వారం రోజులు తినకపోయినా ఏమీ కాదు, జాలిపడి గుప్పెడు కూడా వేయకండి. మోటారు రాత్రీ పగలూ నడవాలి. తోటమాలిని ఫిల్టర్ జోలికి వెళ్లొద్దనండి.

ఇప్పుడు అసలు సంగతి. మూడు చేపలూ మందు వేసిన మర్నాడే పోయాయని రాశారే, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం అది.

నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకు పెద్దగా హాని చేయని అమ్మోనియం. రెండోది విడి అమ్మోనియా, అది విషం. మీ నీటి పరీక్ష కిట్ రెండిటినీ కలిపి 2 అని చూపిస్తుంది. అందులో విషం వాటా ఎంతన్నది పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లంగా ఉన్నాయో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) మీద, నీటి వేడి మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లు 28 డిగ్రీలున్నాయనుకుందాం. పీహెచ్ 6.3 దగ్గర విషం వాటా వెయ్యికి ఒకటిన్నర పాళ్లు కూడా ఉండదు. 7.8 దగ్గర నూటికి నాలుగు పాళ్లు దాటుతుంది. 8.3కి వెళ్తే నూటికి 12. అంటే మీరు ఏ సాయంత్రం పీహెచ్ బాగైందని హాయిగా ఊపిరి పీల్చుకున్నారో, ఆ సాయంత్రమే తొట్టిలో విషం ఒక్కసారిగా ముప్పై రెట్లు పెరిగింది. అమ్మోనియా కొత్తగా వచ్చింది కాదు, అప్పటిదాకా నిద్రపోతున్నదాన్ని మందు లేపింది. అంతకుముందు మీ చేపల్ని బతికించింది తక్కువ పీహెచ్చే.

మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కిట్ పెట్టెలో పీహెచ్ కార్డే ముందుంటుంది, దుకాణంలో పీహెచ్ మందే చేతికిస్తారు. కానీ పీహెచ్ అనేది కంచంలో అన్నం లాంటిది. దాని వెనక బియ్యం డబ్బా ఒకటుంటుంది. డబ్బా అడుగంటే రోజు దాకా కంచంలో అన్నానికి లోటు కనపడదు. అడుగంటాక మాత్రం పక్కింటి నుంచి గ్లాసుడు బియ్యం తెచ్చినా ఒక పూటే. మీ మందు ఆ గ్లాసుడు బియ్యం.

ఆ డబ్బా పేరు ఆల్కలినిటీ. కోయి పెంచేవాళ్లు కేహెచ్ అంటారు. నీళ్లలో కరిగున్న బైకార్బొనేట్లు అన్నమాట. ఆమ్లం పుట్టినప్పుడల్లా ఇవి దాన్ని మింగేసి పీహెచ్‌ని కదలనివ్వవు. మీ తొట్టిలో ఆమ్లం రోజూ పుడుతూనే ఉంటుంది, ఎందుకంటే ఫిల్టర్‌లోని బాక్టీరియా అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే పనిలో ఆమ్లాన్ని వదులుతుంది. ఒక్క గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి ఏడు గ్రాముల పైచిలుకు ఆల్కలినిటీ ఖర్చవుతుంది.

మీరు లెక్కల టీచరో తెలుగు టీచరో రాయలేదు గానీ, ఈ లెక్క మాత్రం చూడండి. మీ తొట్టిలో దాదాపు 6,800 లీటర్లు పడతాయి. 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత కిలో వేస్తే, చేపల మొప్పల్లోంచి సుమారు 32 గ్రాముల అమ్మోనియా నత్రజని బయటికొస్తుంది. దాన్నంతా బాక్టీరియా మార్చాలంటే 230 గ్రాముల దాకా ఆల్కలినిటీ పోతుంది. మీ తొట్టి నీళ్లకి లెక్కేస్తే ఆ నష్టం 34 పీపీఎం, అంటే లీటరుకి 34 మిల్లీగ్రాములు. రోజుకి వంద గ్రాములు మేస్తాయనుకుంటే పది రోజులకో 34. బోరు నీళ్లు పోస్తున్నన్నాళ్లు, ఖర్చయినదాన్ని అవి మీకు తెలియకుండానే నింపాయి. రెండేళ్లు ఏ గొడవా లేకపోవడానికి కారణం అదే. ఆర్వో నీళ్లలో ఆల్కలినిటీ దాదాపు ఉండదు. వాన నీళ్లలోనూ అంతే. పైగా శుభ్రమైన వాన నీటి పీహెచ్చే 5.6 దగ్గర ఉంటుంది. గట్టి వాన కురిసి తొట్టి పొర్లిందంటే, మిగిలిన కాస్త బైకార్బొనేట్లు కూడా పొర్లిపోయాయని అర్థం. ఖర్చు ఆగలేదు, రాబడి ఆగింది. నెలకి అడుగంటింది.

పీహెచ్ ఆరు దగ్గరికి జారేసరికి ఆ బాక్టీరియా పని మందగించి దాదాపు ఆగిపోతుంది. దాని మీద మీ తోటమాలి ఆదివారాలు. పాపం ఆయన ఇత్తడి చెంబు తోమినంత శ్రద్ధగా కడుగుతున్నాడు గానీ, ఆ స్పాంజికి పట్టిన గోధుమరంగు జిగురే మీ ఫిల్టర్. స్పాంజి దానికి ఇల్లు మాత్రమే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది అక్కడ ఉండేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. మంచిదా చెడ్డదా అని అది చూడదు. నేనూ మొదటి ఏడాది ఇదే చేశాను. ఇంటికి చుట్టాలొస్తున్నారని ఫిల్టర్‌ని కుళాయి కింద తళతళలాడేలా కడిగాను. నాలుగో రోజు చుట్టాల ముందే చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. ఇకమీదట నీటి ధార బాగా తగ్గితేనే ఫిల్టర్ తీయండి. అదీ తొట్టి నీళ్లే ఒక బకెట్‌లోకి తీసుకుని, స్పాంజిని రెండుసార్లు పిండి పెట్టేయండి. మురికిగా కనిపించాలి. కనిపించనివ్వండి.

రాత్రి మోటారు ఆపడం ఇంకో దెబ్బ. పగలు నాచు, మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవి కూడా చేపలతోపాటు పీలుస్తాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. సరిగ్గా ఆ వేళకే మీరు గాలి ఆపేస్తున్నారు, ఫిల్టర్‌లో నీళ్లు నిలిచిపోయి బాక్టీరియాకి ఊపిరాడదు. నీళ్లు వెచ్చగా ఉన్నకొద్దీ ఆక్సిజన్ తక్కువే కరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టేది, 30కి ఏడున్నరకి పడిపోతుంది. శబ్దమే ఇబ్బందైతే మోటారు కింద రబ్బరు షీటు వేయించండి, లేదా రాత్రిళ్లు చిన్న గాలి పంపు ఒకటి అదనంగా పెట్టించి దాన్ని ఇన్వర్టర్‌కి కలపండి. కరెంటు పోయినప్పుడు కూడా అదే కాపాడుతుంది.

ఇక బోరు నీళ్లు. మీటరు ముంచి చూసినాయన 900 చూసి జడిసిపోయారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతున్నాయో చెప్పే అంకె. అందులో ఏది ఎంతో చెప్పదు. సంచీ బరువు చూసి లోపల బియ్యమా ఇసుకా అని చెప్పలేం కదా. మనం తాగడానికి 900 ఎక్కువే, కోయికి కాదు. మెత్తటి నీళ్లలో ఎరుపు బాగా పండుతుందని కోయి పెంచేవాళ్లలో ఒక నమ్మకం ఉన్న మాట నిజమే. అందుకని పూర్తిగా ఆర్వో నీళ్లలో పెంచమని ఎవరూ అనరు. అయినా కోయి అంటే ఏదో సుకుమారమైన జపాన్ బొమ్మ అనుకోకండి. జపాన్‌లోని నీగాటా కొండ ఊళ్లలో వరి రైతులు తిండి కోసం పెంచిన చేపల్లోంచి రంగువాటిని ఏరి ఏరి తయారుచేసిన జాతి అది. కుదురు మాత్రం మన బంగారు తీగే. మీ తమ్ముడి చెరువులో బొచ్చె, శీలావతిల మధ్య అది కూడా ఉండే ఉంటుంది, అడగండి.

మందు మీ బోరులోనే ఉంది. కాకపోతే ఆవేశపడి ఒకేసారి సగం తొట్టి మార్చకండి. పీహెచ్ ఎగిరితే ఏమవుతుందో ఇందాక చూశాం. రోజుకి పదో వంతు చాలు. నాలుగడుగుల లోతుకి అది దాదాపు ఐదంగుళాలు. తొట్టి గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, అక్కడి దాకా నీళ్లు తీసి, బోరు నీళ్లు షవర్‌లా పైనుంచి పడేలా నింపండి. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి, పైనుంచి పడితే గాలి తగిలి సర్దుకుంటాయి.

ఉదాహరణకి ఇప్పుడు మీ తొట్టి ఆల్కలినిటీ 20, బోరుది 300 అనుకోండి. మొదటి రోజుకి 48, రెండో రోజుకి 73, మూడో రోజుకి 96, నాలుగో రోజుకి 116. అంతే, నాలుగు రోజుల పని. మీ అసలు అంకెలు కావాలంటే కేహెచ్ కిట్ కొనండి. సాధారణంగా 5 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కో చుక్క వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టడమే. ఒక్కో చుక్కకి ఒక డిగ్రీ, డిగ్రీ అంటే దాదాపు 18 పీపీఎం. బోరు నీళ్లు, తొట్టి నీళ్లు రెండూ కొలవండి. కిట్ దొరక్కపోతే, మీ తమ్ముడుండే వైపు ఆక్వా దుకాణాల్లో నీళ్లు పరీక్ష చేసే ల్యాబులు బోలెడు. ఈసారి ఆయన వచ్చినప్పుడు రెండు సీసాలు ఇచ్చి పంపండి. టోటల్ ఆల్కలినిటీ అని రాసిస్తారు.

ఆయన రాకడకి ఇంకో పని కూడా ఉంది. రొయ్యల చెరువుల్లో చల్లే జియోలైట్ అనే ఖనిజం ఐదారు కిలోలు తెమ్మనండి, పొడి కాకుండా గుళికలు. దుమ్ము పోయేలా కడిగి, వలసంచిలో కట్టి ఫిల్టర్ నుంచి నీళ్లు పడే చోట వేలాడదీయండి. అది అమ్మోనియాని పట్టుకుంటుంది. అప్పటిదాకా కోయి దుకాణంలో దొరికేదైనా సరే, మొదటి సంచి ఈ రెండు మూడు రోజుల్లోనే పడాలి. నీళ్లు మార్చే ప్రతి ఉదయం అమ్మోనియా, పీహెచ్ రెండూ చూడండి. పీహెచ్ 7.5 దాటుతోంది, అమ్మోనియా ఇంకా 1 కంటే దిగలేదు అనిపిస్తే, ఆ రోజు ఐదంగుళాలకు బదులు రెండంగుళాలే మార్చి, జియోలైట్ పెంచండి.

మీ తమ్ముడి సలహా గురించి. ఆయన చెప్పింది ఆయన చెరువుకి సరైనదే. ఎకరాల చెరువు, అడుగున బురద, పైన గాలి, అక్కడ పీహెచ్ ఒక్కరోజులో ఎటూ పోదు. ఆయన వాడేది మెత్తగా నూరిన సున్నపురాయో డోలమైటో అయ్యుండొచ్చు కూడా. మీరు విన్నది సున్నం అన్న మాట ఒక్కటే. బజారుకి పంపితే గోడలకు కొట్టే సున్నం తెస్తారు. అది 6,800 లీటర్ల తొట్టిలో పడితే పీహెచ్ పది దాటడానికి ఎంతో సేపు పట్టదు, ఇక అమ్మోనియా సంగతి చెప్పక్కర్లేదు. తమ్ముడు గారు చిన్నబుచ్చుకోకుండా మీరే సర్దిచెప్పుకోండి, నా పేరు వాడుకోవచ్చు.

బోరు ఎండిపోయినా, వారం రోజులు వదలకుండా వాన పట్టినా ఏం చేయాలంటే, వంటింట్లో వంటసోడా ఉంది కదా, అదే. వెయ్యి లీటర్లకి 30 గ్రాములు వేస్తే ఆల్కలినిటీ ఒక డిగ్రీ పెరుగుతుంది. మీ తొట్టికి 200 గ్రాములు. బకెట్ నీళ్లలో పూర్తిగా కరిగించి నీళ్లు పడే చోట నెమ్మదిగా పోయాలి, రోజుకి అంతకు మించొద్దు. వంటసోడాలో నాకు నచ్చే గుణం ఏమిటంటే, కాస్త ఎక్కువైనా పీహెచ్‌ని 8.3 చుట్టుపక్కలే ఆపుతుంది, సున్నంలా పైకి లాక్కుపోదు. బేకింగ్ పౌడర్ వేరు, బట్టల సోడా వేరు. అవి రెండూ వద్దు. ఇప్పుడు మాత్రం, అమ్మోనియా దిగేదాకా, సోడా కూడా వేయకండి.

వారం పది రోజుల్లో అమ్మోనియా సున్నాకి దిగి నైట్రైట్ పైకి లేస్తుంది, చూడండి. బాక్టీరియాలో మొదటి జట్టు ముందు కోలుకుంటుంది, రెండో జట్టు ఆలస్యంగా. భయపడొద్దు గానీ వదిలేయొద్దు. నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లి దాన్ని గోధుమరంగుకి మారుస్తుంది, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేపకి అందదు. దీనికి విరుగుడు కళ్లుప్పు. వెయ్యి లీటర్లకి కిలో చొప్పున, మీకు ఏడు కిలోలకి కాస్త తక్కువ, రెండు మూడు రోజుల్లో విడతలుగా కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి దారివ్వదు. ఒక్కటి మాత్రం మరవొద్దు: ఉప్పు వేసేముందు జియోలైట్ సంచి బయటికి తీసేయాలి. ఉప్పు తగిలితే అది పట్టుకున్న అమ్మోనియానంతా తిరిగి నీళ్లలోకి వదిలేస్తుంది. ఈ రెండూ ఒకేసారి వేసి చేపలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. తొట్టిలో కలువ కుండీలేమైనా ఉంటే కొన్నాళ్లు బకెట్‌లోకి మార్చండి.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక మేత మొదలుపెట్టండి. మొదట రోజుకి ఒక చిటికెడు, ఐదు నిమిషాల్లో తినేసేంత. మామూలు మోతాదుకి రావడానికి మూడు నాలుగు వారాలు తీసుకోండి, ఫిల్టర్ కోలుకోవడానికి కూడా దాదాపు అంతే పడుతుంది.

ఆ తర్వాత వారానికోసారి ఐదంగుళాలు బోరు నీళ్లు, కేహెచ్ చూడటం, నోట్‌బుక్‌లో రాయడం. వంద నుంచి నూట యాభై పీపీఎం మధ్య ఉంటే మంచిది. 80 కంటే దిగితే కారణం వెతకాలి. పీహెచ్ ఏడున్నరా ఎనిమిదా అన్నది పట్టించుకోకండి, రోజూ అదే ఉంటే చాలు. కొలిస్తే పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి రెండుసార్లు కొలవండి. నాచు పగలు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేస్తుంది కాబట్టి సాయంత్రం పీహెచ్ కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ తేడా సగం పాయింటు దాకా ఉంటే మామూలే. అంతకు మించితే నీళ్లు మరీ ఆకుపచ్చబడ్డాయనో డబ్బా ఖాళీ అవుతోందనో అర్థం.

డాబా వాన నీటిని పూర్తిగా వదులుకోమనడం లేదు. ఒక డ్రమ్ములో పట్టి మూత పెట్టి ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో మీకు సరిగ్గా తిరగబడిన సమస్య వస్తుంది: నీళ్లు ఆవిరైపోతుంటాయి, లవణాలు మిగిలిపోతుంటాయి, మీరు పైనుంచి బోరు నీళ్లే పోస్తుంటారు, నీళ్లు రోజురోజుకీ చిక్కనవుతుంటాయి. అప్పుడు నాలుగు బకెట్ల బోరుకి ఒక బకెట్ వాన నీళ్లు కలిపి పోసుకోవచ్చు.

అబ్బాయి ఫోన్ చేస్తే మూడు పోయాయని దాచకుండా చెప్పండి. పదకొండున్నాయని కూడా చెప్పండి. వచ్చేటప్పుడు బట్టలూ చాక్లెట్లూ కాకుండా మంచి కేహెచ్ కిట్ రెండు తెమ్మనండి.